గొంతుల గుహ ఆఖరి దరువు

శబరి ఒడ్డున, కొంటాకు ఇవతల, ఎర్రబోరు నుంచి ఒక పూట నడకలో ఉన్న ఆ ఊళ్ళో సమ్మక్క అంటే పాడని మనిషి అని పేరు. నాట్లలో పదిమంది ఆడవాళ్ళు నడుం వంచి పాట ఎత్తుకుంటే, ఆమె ఒక్కతీ పెదవి మెదపకుండా నాటుకుంటూ పోయేది. పెళ్ళి పందిట్లో పాడేది కాదు. చావింట శోకం పెట్టేటప్పుడు కూడా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు పొగరనుకునేవాళ్ళు. పొగరా, పాడా! ఆ రోజుల్లో బస్తరు రాజ్యం మొత్తం గాలించినా ఆమె గొంతుకు సాటి గొంతు దొరికేది కాదు. ఆ గొంతు ఏమైందో చెబుతాను. చెప్పడానికి సంతోషమేమీ లేదు, అయినా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

సమ్మక్క తండ్రి భాగోతం పంతులు. కళ్ళు మసకేసి ఆటల పుస్తకాలు తిరగరాసుకోలేక, కొడుకులు లేక, కూతురికే అక్షరాలు దిద్దబెట్టాడు. పదేళ్ళు నిండేసరికి ఆ పిల్లకు దరువులు, ద్విపదలు, వచనాలు అన్నీ కంఠతా వచ్చేశాయి. ఏ వేషగాడు ఎక్కడ తడబడినా తెర వెనక నుంచి మాట అందించేది ఆమే. అయితే అందించడం వరకే. ఆడది తెర ముందుకు వచ్చి పాడితే ఆట మైలపడుతుందని కట్టడి. అందుకని ఆడవేషాలు కూడా మీసాలు గొరిగించుకున్న మగవాళ్ళే కట్టేవాళ్ళు. పొద్దున ఎడ్లను అదిలించిన గొంతుతోనే సాయంత్రం రాజకుమారి సిగ్గుపడుతుంటే, తెర వెనక సమ్మక్క తల కొట్టుకునేది.

మొగుడు రామనర్సయ్య మద్దెల వాయించేవాడు. అది ఆట ఉన్న రోజుల్లో. మిగిలిన రోజుల్లో టేకు దుంగలతో తెప్పలు కట్టి శబరి మీద కిందికి వదిలే పని. అందులో సగం రోజులు కూలి, సగం రోజులు వెట్టి. వెట్టి అంటే హుకుం. ఇవాళ జ్వరం, రేపు వస్తానంటే కుదరదు. కలప డిపో మీద గుత్తేదారు పెట్టిన ముకద్దం ఒకడుండేవాడు, ఎక్కడో పైనుంచి వచ్చినవాడు. నది ఒడ్డున వాడి మాటే రాజ్యం, వాడి చేతికర్రే కచేరి.

ఒక ఏడు భద్రాచలం నవమి కల్యాణానికి పోయినప్పుడు రామనర్సయ్య అట్టలేని పుస్తకమొకటి పట్టుకొచ్చాడు. దాని పేరు 'గొంతుల గుహ'. కొండ మీద ఒక మాంత్రికుడు. వాడు కింద పట్నంలోని జనం గొంతులన్నీ దొంగిలించి, మట్టికుండల్లో పెట్టి మూతలు బిగించి, గుహలో దాచుకుంటాడు. మాట పోయిన జనం వాడికి రాళ్ళు మోస్తుంటారు. మేఘవల్లి అని ఒక కుమ్మరి పిల్ల కొండెక్కి, తన గొంతును వాడికిచ్చి, కుండలు పగలగొట్టే హక్కు కొనుక్కుంటుంది. అందరి గొంతులూ తిరిగి వస్తాయి. ఆమెది మాత్రం రాదు. ఆఖరి పేజీలో ఆ పిల్ల కోట గుమ్మంలో కూర్చుని ఊరి మాటలు వింటూ ఉంటుంది. అంతే, కథ అయిపోతుంది.

ఇప్పపువ్వు ఏరే రోజుల్లో మధ్యాహ్నం చెట్ల కింద సమ్మక్క ఆ పుస్తకం చదివేది. పక్కన దోర్ల వాళ్ళ హిడ్మే కూర్చుని, విన్నదాన్ని విన్నట్టు తన భాషలో తనవాళ్ళకు చెప్పేది. చెప్పేటప్పుడు మాంత్రికుడికి నాలుగు తిట్లు తన తరఫున కలిపేది. నెల తిరిగేసరికి ఊరంతా ఆ కథే. ఎవడైనా పలకకపోతే "నీ గొంతు కుండల పెట్టినవారా?" అనేవాళ్ళు. ఆఖరి పేజీ దగ్గర మాత్రం ప్రతిసారీ గొడవే.

"ఊరందరికి మాట తెచ్చిన పిల్లకు మాట లేకపోవుడేంది?" అని హిడ్మే లేచి నిలబడేది. "రాసినోడు ఎక్కడుంటడు చెప్పు. వాని చేతులు ఇరగ!"

రామనర్సయ్య అన్న సీతారాములు భాగోతం మేళానికి పెద్ద. పాత ఆటలే ఆడీ ఆడీ జనం కునికిపాట్లు పడుతున్నారని దిగులుపడుతున్న మనిషి. ఒకరోజు వచ్చి చాప మీద కూలబడ్డాడు.

"సమ్మక్కా, ఆ గొంతుల గుహను ఆట కట్టియ్యి. రాసుడు నీ పని, ఆడుడు మా పని. పేరు నాదని చెప్పుకోను లే."

"చెప్పుకుంటవులే బావా, నాకు తెల్వదా?" అంది సమ్మక్క. కానీ ఆ సాయంత్రమే పలక పట్టింది.

మూడొందల పేజీల కథను ఒక్క రాత్రి ఆటలోకి కుదించడమంటే మాటలా? ఎంత మంచి ఘట్టమైనా కొయ్యక తప్పదు. పుస్తకంలో ఏడు అడవులుంటే ఒకటి ఉంచింది. మాంత్రికుడికి పుస్తకంలో లేని ప్రవేశ దరువు పెట్టింది, పెద్ద వేషం ఊరికే నడిచొస్తే జనం ఒప్పుకోరు గనుక. నవ్వించడానికి చిల్లుకుండలమ్మే వాణ్ణి ఒకణ్ణి పుట్టించింది. గొంతులను ఎలా చూపించడం అన్నది రామనర్సయ్య తేల్చాడు. కుండ ఒకటి పగిలినప్పుడల్లా తెర వెనక వంతగాడు ఒకడు కొత్త గొంతు ఎత్తాలి. ఒక కుండలోంచి బండివాడి కేక, ఒక దాంట్లోంచి జోలపాట, ఒక దాంట్లోంచి సంతలో ఉప్పు అమ్మేవాడి అరుపు. ఆయన వడ్ల గుమ్మి గోడ మీద దరువేస్తుంటే ఈమె మాటలు కూర్చేది. వాళ్ళ కూతురు సోమక్క, తొమ్మిదేళ్ళది, అరుగు మీద గంతులేస్తూ ప్రతి దరువూ వెంటనే పాడి ఒప్పజెప్పేది. నోరు మూతపడని పిల్ల. "నీ గొంతు కూడ కుండల పెట్టాలె" అని తండ్రి రోజుకు పదిసార్లు అనేవాడు. పాపం, ఏ నోటితో అన్నాడో!

ఆఖరి ఘట్టం దగ్గర ఇద్దరికీ చుక్కెదురైంది.

"మాట పోయినదాన్ని పాడించుడెట్లనే?" అన్నాడు రామనర్సయ్య.

"అది తెలిస్తే నిన్నెందుకు అడుగుత మావా?"

ఆ ఘట్టం అలాగే ఆగిపోయింది. వానలు వెనకపట్టి, నది పూర్తిగా తగ్గకముందే దుంగలు దించాలని ముకద్దం తొందరపెడుతున్న రోజులవి. రామనర్సయ్య వరసగా తొమ్మిది రోజులు వెట్టికి పోయాడు. పదో రోజు రానని మొరాయిస్తే, ఇద్దరు మనుషులొచ్చి భుజాలు పట్టి తీసుకుపోయారు. మధ్యాహ్నం సోమక్క అంబలి ముంత నెత్తిన పెట్టుకుని రేవుకు పోయింది. పొద్దు వాలుతుంటే తిరిగొచ్చింది. ముంత నిండుగా ఉంది. ఒక్క చుక్క తొణకలేదు.

"అయ్య తాగలేదా?" అని సమ్మక్క అడిగింది.

పిల్ల పలకలేదు. కాసేపటికి మనుషులొచ్చి చెప్పారు. దుంగల మధ్య కాలు జారి రామనర్సయ్య నీళ్ళలో పడ్డాడట. మూడో రోజున కింద రాళ్ళ దగ్గర తేలాడు. ముకద్దం కర్మకు స్వయంగా వచ్చి, "మంచి పనోడు, పాపం" అని కళ్ళొత్తుకుని పోయాడు.

ఆ రోజు నుంచి సోమక్కకు మాట లేదు. ఏడుపు ఉంది గానీ దానికి చప్పుడు లేదు. దోర్ల పూజారి, వడ్డె, వచ్చి కోడిని తిప్పాడు. ఎవరో తాయెత్తు కట్టారు. ఎవరో మిరపకాయల పొగ వేయమంటే, ఆ పాపం కూడా చేసింది సమ్మక్క. పిల్ల దగ్గీ దగ్గీ రక్తం కక్కింది తప్ప ఒక్క మాట రాలేదు. ఏ గాలి సోకింది, ఏ చెట్టు కింద సోకింది అని ఊరంతా అడిగేది. ఏడాదిన్నర గడిచింది. సమ్మక్కకు ఇక బతుకులో కావలసింది ఒక్కటే. కూతురు ఒక్కసారి అమ్మా అనాలి. ఆ తర్వాత తను చచ్చినా సరే.

అప్పుడు సీతారాములే మాట ఎత్తాడు. "ముత్యాలమ్మకు మొక్కుకుందాం. మొక్కు ఆటగా గొంతుల గుహ ఆడుదాం. ఎన్ని చేయలేదు, ఇదొక్కటి చూద్దాం."

ఆ పక్క మొక్కు ఆటకు ఒక పద్ధతి ఉంది. మొక్కు ఎవరికోసమైతే వాళ్ళు, ఆడైనా మగైనా, పిల్లైనా ముసలైనా, ఆఖరి ఘట్టంలో వేషం కట్టి తెర దగ్గర నిలబడాలి. ఆఖరి దరువు వాళ్ళ నోటినుంచే రావాలి. అది రానిదే మంగళం ఎత్తకూడదు. పొద్దు పొడిచేలోగా మంగళం ఎత్తకపోతే అమ్మవారి దీపం వెనక్కి పోయినట్టే, ఊరికి అమ్మతల్లి పోస్తుంది. ఇక సమ్మక్క తండ్రి ఒకటి చెప్పేవాడు. మంగళం దాకా పాడిన కథే అమ్మవారి చెవిన పడుతుంది, మధ్యలో ఆగింది పడదు, అని. సమ్మక్క ఆ మాటను ప్రాణంలా నమ్మింది.

నమ్మింది గనుకనే పుస్తకం ఆఖరి పేజీని మార్చేసింది. రాసిన మహానుభావుడు క్షమించుగాక. ఆమె ఆటలో మేఘవల్లికి మాట వస్తుంది. కొండమీద అమ్మవారు కనబడి, పిల్లను పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచేసరికి పిల్ల పాడుతుంది. అమ్మవారి చెవిన పడాల్సింది ఆ కథే గదా. రామనర్సయ్య ఉన్నప్పుడు కుదరని దరువు ఒక్క పూటలో కుదిరింది:

కుండలన్ని పగిలినాయి, గొంతులన్ని ఇల్లు చేరె,
ఉండిపోయె నాదొక్కటి ఓ ఊరివారలారా,
అమ్మ పిలిచె పేరుబెట్టి, అడవి దాటి వచ్చినాను,
ఇమ్మని నేనడుగకుండ ఇచ్చె నాకు మాట!

"పిల్ల పాడకుంటే?" అన్నాడు సీతారాములు.

"పాడుతది బావా."

"పాడకుంటే?"

"అమ్మ ఊకుంటదా?" అంది సమ్మక్క.

ఎండాకాలం మొదట్లో, పంటలు ఇల్లు చేరాక ఆట పెట్టారు. తర్లగూడ వైపు నుంచి కూడా జనం వచ్చారు. ఆ ఆట గురించి తర్వాత ఇరవై ఏళ్ళు చెప్పుకున్నారంటే ఊరికే కాదు. సీతారాములు మాంత్రికుడిగా తెర దించుకుని వచ్చినప్పుడు ముందు వరసలో పిల్లలు కెవ్వుమన్నారు. మొదటి మూడు జాములు మేఘవల్లి వేషం మేళంలో ఒకడు కట్టాడు. కుండలు పగిలే ఘట్టంలో, ఒక్కొక్క గొంతూ బయటికి వస్తుంటే జనం తమ ఇంట్లో పోయినవాళ్ళను తలుచుకుని భోరుమన్నారు. వెట్టికి పోయి తిరిగి రాని మనిషి ఏ ఇంట్లో లేడు గనుక? హిడ్మే మాంత్రికుడి మీదికి చెప్పు విసిరింది. అది ఆటలో లేదు.

తూరుపు తెల్లబడుతుండగా ఆఖరి ఘట్టం వచ్చింది. సోమక్కకు ముఖాన అర్దళం పూసి, మేళం గజ్జెలు కాళ్ళకు కట్టి, తెర వెనక నిలబెట్టారు. ఆమె వెనక, చీరె సవరించే వంకన, సమ్మక్క మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర పిల్ల గుండెల దాకా దిగింది. జనానికి పిల్ల ముఖం ఒక్కటే కనబడుతోంది. అమ్మవారి వేషం పిలిచింది: "మేఘవల్లీ!"

సోమక్క నోరు తెరిచింది. నిజంగానే తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి, బక్క వీపు వణికింది. లోపల ఏదో తన్నుకుంటోందని వెనక కూర్చున్న తల్లికి తెలుస్తూనే ఉంది. కానీ చప్పుడు లేదు. తాళం ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ పిలిచారు. రెండో చుట్టు తిరిగింది. మద్దెల తడబడింది. జనంలో గుసగుస మొదలైంది. గుట్ట పైన ఎర్రగా వెలుగు వస్తోంది. నోరు తెరుచుకుని నిలబడ్డ బిడ్డ వీపు చూస్తున్న తల్లి ఎంతసేపని ఓర్చుకుంటుంది? మూడో చుట్టుకు సమ్మక్క గొంతు దానంతటదే లేచింది. పెద్దదాని గొంతు కాదు, సన్నగా, పిల్ల గొంతు చేసి, అరుగు మీద సోమక్క ఒకప్పుడు ఒప్పజెప్పినట్టే పాడింది.

కుండలన్ని పగిలినాయి...

ఊరు ఒక్కసారి లేచి నిలబడింది. "వచ్చింది! మాటొచ్చింది!" అని అరుపులు, ఏడుపులు. హిడ్మే నేలమీద పడి దొర్లింది. సీతారాములు ఒక్క క్షణం తెర కిందికి చూశాడు. మరదలి కళ్ళలోకి చూశాడు. చూసి, ఏమీ ఎరగనట్టు మంగళం ఎత్తాడు.

ఆ వారమంతా ఇంటి ముందు తిరునాళ్ళే. పిల్ల కాళ్ళకు పసుపు రాసి పోయేవాళ్ళు. మాట్లాడించమంటే సమ్మక్క, "అమ్మ ఒక్క పాటకే ఇచ్చింది, మళ్ళ మెల్లగ వస్తది" అని బొంకేది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి మరొకటి, దానికి ఇంకొకటి. మేఘవల్లికి మాట వచ్చిందన్న కబురు సంతలు దాటి, రేవులు దాటి, డిపో దాకా పోయింది.

ఎనిమిదో రోజు ముకద్దం వచ్చాడు. వెంట బెల్లం దిమ్మ తెచ్చాడు. అరుగు మీద కూర్చుని, సోమక్కను తేరిపార చూసి, నవ్వాడు. పిల్ల గోడకు అంటుకుపోయింది.

"సమ్మక్కా, సునో. లడ్కీకి జబాన్ వచ్చిందటగా? బహుత్ అచ్ఛా. వాళ్ళయ్య పడిపోయిన రోజు అక్కడే ఉండె గదా. ఏం చూసిందో, ఏమన్న చెప్పిందా?"

ఏడాదిన్నరలో ఊరు ఊరంతా ఏ గాలి సోకిందని అడిగింది గానీ, ఆ పిల్ల ఏం చూసిందని ఒక్కరూ అడగలేదు. కన్నతల్లి కూడా అడగలేదు. అడిగినవాడు వీడొక్కడే. తొణకని అంబలి ముంత ఆమె కళ్ళ ముందు కనబడింది. కాలు జారలేదన్నమాట.

"ఏం చెప్పలేదయ్యా. దానికి మాట రాలే."

"ఊరంతా విన్నది, నువ్వు రాలేదంటవేంది?" వాడు లేచాడు. "సంత రోజు పిల్లను డిపోకు పంపు. పైన క్యాంపుల వంటపని ఉంది. హుకుం."

పైన క్యాంపు అంటే మూడు రోజుల అడవి. అక్కడికి పోయిన ఆడపిల్లను మళ్ళీ చూసినవాళ్ళు లేరు. సమ్మక్క పరుగున సీతారాములు దగ్గరికి పోయింది.

"బావా, నువ్వొచ్చి చెప్పు. ఆ రోజు పాడింది నేనని చెప్పు. నువ్వు చూసినవు."

సీతారాములు గొంతు తగ్గించాడు. "నీ గొంతు నాకు తెల్వదనుకున్నవా? చిన్నప్పటి సంది విన్న. కానీ ఎట్ల చెప్పాలె? మొక్కు ఆటల మొక్కు లేని ఆడది పాడిందంటే ఆట మైలపడ్డట్టు. రేపు ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా నిన్ను నన్ను చెట్టుకు కడతరు. ఊరు వదిలి పొండ్రి. నది దాటి ఎటన్న పొండ్రి."

"రేవుల తెప్పలన్ని వానివేనాయె. ఏడికి పోవాలె?"

సీతారాములు లేచి లోపలికి పోయాడు. పిరికివాడని తిట్టాలని ఉంటుంది గానీ, ఆయనకూ పిల్లలున్నారు.

సంత రోజు సమ్మక్క సోమక్క చెయ్యి పట్టుకుని తనే డిపోకు నడిచింది. తోడు హిడ్మే ఒక్కతే వచ్చింది. డిపోలో ఊరి మగవాళ్ళు సగం మంది దుంగలు దొర్లిస్తున్నారు. సంతకు వచ్చినవాళ్ళు కూడా గుంపు కట్టారు. సమ్మక్క వాళ్ళందరి ముందు కూతుర్ని ఒక దుంగ మీద నిలబెట్టింది. తను వెనక మోకాళ్ళ మీద కూర్చుంది.

"అందరు ఇనుండ్రి. ఆ రోజు పాడింది నా బిడ్డ కాదు, నేను. అమ్మ మాట ఇయ్యలే. నేను దొంగతనంగ పాడిన."

పాడింది. అదే దరువు, అదే సన్న గొంతు. దుంగ మీద పిల్ల నోరు మూసుకునే ఉంది, పాట మాత్రం వస్తోంది. రెండు చరణాలు అయ్యేసరికి అందరికీ అర్థమైంది. మొదటి ఉమ్ము ఎవరిదో తెలియదు, మెడ మీద పడింది. "మా ఊరికి అరిష్టం తెచ్చినవు గదనే!" అని ఒక ముసలామె జుట్టు పట్టుకుంది. సమ్మక్క ఆపలేదు. నాలుగో చరణం దాకా పాడింది. హిడ్మే అడ్డం పడింది గానీ, ఆమె కళ్ళలో కూడా నమ్మిన కథ పోయిన కోపం ఉంది. నిజం చెప్పొద్దూ, సమ్మక్కకు ఆ ఉమ్ముల కంటే ఆ చూపే ఎక్కువ తగిలింది.

ముకద్దం నవ్వుతూ దగ్గరికి వచ్చాడు. నోట్లో బీడీ తీసి, సోమక్క మోచేతి మీద ఆనించి పట్టుకున్నాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. పిల్ల ఒళ్ళు విల్లులా వంగింది, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి, చప్పుడు మాత్రం రాలేదు. సమ్మక్క గోళ్ళు అరచేతుల్లో దిగబడ్డాయి. కదిలితే అంతా పాడవుతుందని కదలలేదు.

"గూంగీయే" అన్నాడు వాడు, బీడీ పారేసి. "తీస్కపో. మూగదానితో క్యాంపుల పనేంది?"

గెలిచింది! ఊరు పోతే పోయింది, పరువు పోతే పోయింది, బిడ్డ దక్కింది. సమ్మక్క పిల్లను చంకనెత్తుకుని రేవు పక్క దారిన వడివడిగా నడిచింది. హిడ్మే కట్టు కట్టడానికి ఆకుల కోసమని పొదల్లోకి పోయింది. తెప్పలు కట్టేసి ఉన్న చోటికి వచ్చేసరికి పిల్ల దిగుతానని గింజుకుంది. దించింది. పిల్ల నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. తండ్రి పోయాక తల్లి గొంతెత్తి పాడడం ఆ పిల్ల విన్నది రెండే సార్లు. మొదటిసారి లోపల కదిలింది ఇప్పుడు బయటికి వచ్చింది.

"అమ్మా" అంది సోమక్క.

తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టున్న గొంతు. ఏడాదిన్నరగా దేవుళ్ళందరినీ అడిగిన మాట.

"అమ్మా, వాడే. గెడకర్రతో నీళ్ళల అదిమిండు. అయ్య లేస్తుంటే మళ్ళ అదిమిండు. అయ్య నన్ను చూసిండు. నన్ను పొమ్మని..."

ఇరవై అడుగుల దూరంలో ముకద్దం మనుషులు ఇద్దరు తాళ్ళు పేనుతున్నారు. ఒకడు తల ఎత్తాడు. సమ్మక్క అరచెయ్యి కూతురి నోటి మీద పడింది. పడడం కాదు, బలంగా అదిమింది. పిల్ల పళ్ళు ఆమె చేతికి గుచ్చుకున్నాయి. ఆ లోపల మాటలు ఇంకా కదులుతూనే ఉన్నాయి, వెచ్చగా, తడిగా.

"నోరు మూయ్" అంది తల్లి, చెవిలో. "మళ్ళ మాట్లాడితే చంపేస్త. ఇన్నవా? ఎన్నడు మాట్లాడకు. నాతోటి గూడ మాట్లాడకు."

తల ఎత్తినవాడు మళ్ళీ తాడు మీదికి వంగాడు. పిల్ల తల్లి కళ్ళలోకి చూసింది. చూసి, సరేనన్నట్టు తల ఊపింది. అంబలి ముంత తొణక్కుండా ఇంటికి తెచ్చిన పిల్ల అది. చెప్పిన మాట వినే పిల్ల.

ఊరు వాళ్ళను వెలివేసింది. ఊరి చివర, హిడ్మే వాళ్ళ చేను పక్కన గుడిసె వేసుకున్నారు. కొన్నేళ్ళకు వెలి సడలింది, పనులకూ పెళ్ళికీ చావుకూ మళ్ళీ పిలిచారు. సీతారాములు గొంతుల గుహను వేరే ఊళ్ళలో ఆడాడు, పుస్తకంలో ఉన్న ముగింపుతోనే. బాగా ఆడిందట. సమ్మక్క చూడలేదు. ఆ నాటి నుంచి నోరు తెరిచి పాడలేదు కూడా. ఎందుకో ఊరికి తెలియదు, శాపమనుకున్నారు. తన పాట వింటే బిడ్డకు మాట వస్తుందని ఆమెకు తెలుసు. అందుకే పాడలేదు. నాట్లలో పక్కవాళ్ళు పాడుతుంటే కూతురి పెదవుల వంకే చూసేది, ఎక్కడ మెదులుతాయోనని.

తొమ్మిదేళ్ళు గడిచాయి. ముకద్దం నల్లజ్వరం తగిలి, తన క్యాంపులోనే, నీళ్ళడిగినా ఇచ్చేవాడు లేక పోయాడు. మరుసటేడు బస్తరు రాజ్యమే లేకుండా పోయింది. కొత్త సర్కారు వచ్చింది, వెట్టి లేదని దండోరా వేశారు. ఆ సాయంత్రం సమ్మక్క తలుపు దగ్గరగా వేసింది. కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. సోమక్కకు అప్పటికి ఇరవై నిండాయి. మోచేతి మీద ఆ మచ్చ అలాగే ఉంది.

"బిడ్డా, ఇంక భయం లేదు. వాడు చచ్చిండు. మాట్లాడు."

సోమక్క ఊరికే చూసింది. సమ్మక్క గొంతు సవరించుకుంది. పదేళ్ళ తర్వాత ఎత్తుకుంది. కుండలన్ని పగిలినాయి, గొంతులన్ని... గొంతు బొంగురుపోయి, మధ్యలో విరిగింది. అయినా ఆపలేదు. అమ్మ పిలిచె పేరుబెట్టి, అన్న చోటికి వచ్చేసరికి కూతురి కళ్ళు నిండాయి. మెడ నరాలు కదిలాయి. పెదవులు విడివడ్డాయి.

అప్పుడు సోమక్క కుడిచెయ్యి మెల్లగా లేచింది. లేచి, తన నోటి మీద తనే వచ్చి కూర్చుంది, బలంగా, వేళ్ళు బుగ్గల్లో దిగేలా.

సమ్మక్క ఆ చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. ఆ చెయ్యిని అక్కడ పెట్టింది తనేనని ఆమెకు తెలుసు.